డెల్ఫ్ట్ పక్షి వెన్నగిన్నె: భోజనాల బల్లమీది వస్తువా, అలమరలోని బొమ్మా?

ప్రశ్న – పాతపెట్టె

అందరికీ నమస్కారం. నెదర్లాండ్స్‌లో పాత వస్తువుల సంతలో ఈమధ్య నేను ఒక మూతగిన్నె కొన్నాను. దోసిట్లో ఒదిగేంత పరిమాణం. అడుగుభాగం అల్లిన బుట్టలాగా, కాస్త పక్షిగూడులాగా ఉంది. పైభాగమంతా గూటిలో పొదుగుతున్న పక్షి. దాని వీపు పట్టుకుని ఎత్తితే అదే మూతగా వచ్చేస్తుంది. రెక్కలమీద ఊదా, గోధుమ రంగుల సన్నని గీతలు, గూటిమీద పసుపు, ఆకుపచ్చ రంగులు, ముక్కు దగ్గర కొంచెం ఎరుపు ఉన్నాయి. అంచుల్లో రెండుమూడు చోట్ల పెచ్చులు లేచి, లోపలి మట్టి పాలిపోయిన పసుపు రంగులో కనిపిస్తోంది. అడుగున నీలంతో గీసిన గొడ్డలి ఆకారపు గుర్తు ఉంది.

అమ్మినవారు దీనిని 18వ శతాబ్దపు డెల్ఫ్ట్ వెన్నగిన్నె అన్నారు; డెల్ఫ్ట్ నెదర్లాండ్స్‌లోని ఒక ఊరు, అక్కడి మట్టిపాత్రలకూ అదే పేరు. డెల్ఫ్ట్ అంటే తెల్లటి పలకలమీద నీలిరంగు గాలిమరలు, పడవలు మాత్రమేనని అనుకుంటూ వచ్చిన నాకు ఈ రంగురంగుల పక్షి ఆశ్చర్యం కలిగించింది. ఇటువంటివి నిజంగా భోజనాల బల్లమీద వాడేవారా, లేక చూడ్డానికి మాత్రమే చేశారా? మట్టిపాత్రలు చేసేవారు గిన్నెను గిన్నెలాగా వదిలేయకుండా మేకలుగా, కోళ్లుగా, చేపలుగా ఎందుకు మలిచారు? దీని వయసును గుర్తును బట్టి నమ్మవచ్చా, లేక ఇంకేమైనా చూడాలా? చివరగా, దీంట్లో ఇప్పుడు వెన్న పెట్టుకోవచ్చా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు – మ్యూజియంమెట్లు

పాతపెట్టె గారూ, మీరు వర్ణించిన ఆకారం డెల్ఫ్ట్ పాత్రల్లో బాగా తెలిసినదే. గూటిమీద కూర్చున్న ఆ పక్షిని సేకర్తలు ప్లోవర్ అంటారు. మన తీతువు కూడా ఆ కుటుంబానిదే. 18వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఇటువంటి వెన్నగిన్నెలను తరచు జతలుగా చేసేవారు. కాబట్టి మీ దానికి ఒకప్పుడు జోడు ఉండివుండవచ్చు.

వాడారా లేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు డెల్ఫ్ట్ జంతువులన్నింటినీ ఒకే గాటన కట్టకూడదని అంటాను. వాటిలో కొన్ని పాత్రలే కావు. వీపుమీద పూలదండలతో నిలబడిన ఆవుల జతలు, పాలు పితుకుతున్న మనుషులతో కూడిన ఆవు బొమ్మలు అచ్చంగా అలంకారానికి చేసినవి. వాటిలో పెట్టడానికి ఏమీ లేదు, తీయడానికి మూత లేదు. పూలదండల ఆవులకు కసాయి వృత్తిసంఘాల ఊరేగింపులతో సంబంధం ఉందని పాత డెల్ఫ్ట్ వ్యాపారులు వివరిస్తుంటారు. రెండో రకం మామూలు వెన్నగిన్నెలు. ఇవి కోలగానో ఎనిమిది పలకలతోనో ఉంటాయి, మూతమీద చిన్న మేక గానీ ఆవు గానీ పడుకుని ఉంటుంది. ఇక్కడ జంతువు మూత ఎత్తడానికి పిడి, అంతే. మూడో రకమే మీ దగ్గర ఉన్నది. ఇందులో గిన్నె మొత్తం జంతువుగా మారిపోతుంది. మూత తీసేదాకా అది గిన్నె అని తెలియకూడదన్నది చేసినవాడి ఉద్దేశం.

ఈ మూడో రకం భోజనాల బల్లకోసం పుట్టిందే. యూరప్ ధనిక గృహాల్లో అప్పట్లో వంటకాలను ఒకదాని తరువాత ఒకటిగా తెచ్చేవారు కాదు. ఒక్కో విడతలో చాలా పాత్రలను బల్లమీద ఒకేసారి, రెండువైపులా సరితూగేలా పరిచేవారు. అతిథులు కూర్చోగానే చూసేది ఆ అమరికనే. దాని మధ్యలో అసలు పక్షో, కాయో అనిపించే మూతగిన్నె ఉండటం ఆనాటి సరదా. జతలుగా చేయడానికి కారణం కూడా ఈ సరితూగే అమరికే అనుకుంటాను. హాలండ్ పాడిదేశం కాబట్టి అక్కడ ఆ సరదా వెన్నమీదికి తేలికగా మళ్లింది. అయితే రోజూ రొట్టెకు వెన్న రాసుకునే కుటుంబం ఇంత సున్నితమైన మూతను రోజూ ఎత్తిదించేదని నేననుకోను. విందు రోజున బల్లమీదికి వచ్చి, మిగతా రోజుల్లో అలమరలో నిలబడేవి ఇవి. అందుకే మీరడిగిన రెండింటికీ అవుననే చెప్పాలి.

నీలం తప్ప వేరే రంగు ఉండదన్న అభిప్రాయం చాలామందికి ఉంది. 17వ శతాబ్దం చివరికే డెల్ఫ్ట్‌లో బహువర్ణ పాత్రలు తయారయ్యేవి. మీ పక్షి నాటికి అవి సర్వసాధారణం.

జవాబు – ఆవంసెగ

నేను మట్టిపని చేసేవాడిని కాబట్టి చేతికి తగిలే సంగతులు చెబుతాను. వయసు ప్రశ్నకు కూడా వాటిలోనే సగం జవాబు ఉంది.

మొదట ఆ పాలిపోయిన పసుపు మట్టి. డెల్ఫ్ట్ పాత్ర పింగాణీ కాదు. పింగాణీకి కావలసిన తెల్లని కేవొలిన్ మట్టి వారికి లేదు. స్థానికంగా దొరికే మట్టిలో, నేటి బెల్జియంలోని టూర్నే నుంచి తెచ్చిన సున్నపు మట్టినీ, జర్మనీ వైపు నుంచి వచ్చిన మరో మట్టినీ కలిపి, నీళ్లలో కరిగించి, వడగట్టి వాడేవారు. సున్నం ఎందుకంటే, కాలి చల్లబడేటప్పుడు మట్టీ దానిమీది గాజుపూతా దాదాపు ఒకే మోతాదులో కుంచించుకోవాలి. లేకపోతే పూత పగుళ్లు తీస్తుంది, లేదా పెచ్చులుగా ఊడిపోతుంది. సున్నం తగినంత ఉంటే పూత మట్టిని పట్టుకుని ఉంటుంది, కాలిన మట్టికి మీరు చూసిన లేత రంగు వస్తుంది. కాబట్టి పెచ్చులు లేచిన చోట స్వచ్ఛమైన తెలుపు, గాజులాంటి మెరుపు కనిపించివుంటే మీ గిన్నెను పింగాణీ అనేవాణ్ణి. లేతపసుపు, కొంచెం సుద్దలాగా ఉండటం మంచి సూచనే.

పాత్రను మొదట సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒకసారి కాలుస్తారు. తరువాత సీసం, ఇసుక, లవణాలతో చేసిన గాజు మిశ్రమంలో తగరపు భస్మం కలిపి అందులో ముంచుతారు. పూతను తెల్లగా, లోపలి మట్టి కనబడనంత చిక్కగా చేసేది ఆ తగరమే. ముంచిన పాత్ర ఆరినప్పుడు పైన పొడిపొడిగా ఉంటుంది. చిత్రకారుడు ఆ పొడిమీదే బొమ్మ గీయాలి. కుంచె తాకగానే రంగు పీల్చుకుపోతుంది, తుడిచి దిద్దుకునే వీలు ఉండదు. మీ పక్షి రెక్కమీది గీతలను భూతద్దంతో చూడండి. ఒకే చేతివేగంతో, ఆగకుండా పడిన గీతలైతే ఆ పద్ధతి తెలిసినవాడు గీసినవి. వణికినట్టు, అద్దినట్టు ఉంటే అనుమానించండి. తరువాత పైన పలుచని సీసపు గాజును చిలకరించి మరోసారి కాలుస్తారు; డెల్ఫ్ట్ పాత్రకు పింగాణీని తలపించే నిగారింపు వచ్చేది ఆ చివరి చిలకరింపుతోనే.

అంత వేడికి తట్టుకునే రంగులు కొన్నే: నీలానికి కోబాల్ట్, ఊదాకు మాంగనీసు, పసుపుకు ఆంటిమొనీ, ఆకుపచ్చకు రాగి. మీ పక్షి రెక్కలకు ఊదాగోధుమ రంగు రావడం ప్రకృతిని చూసి ఎంచుకున్నది మాత్రమే కాదు. మాంగనీసు ఇచ్చేది ఆ రంగే. ఇనుపధాతువుతో ఎరుపు సాధించడం అన్నింటికన్నా కష్టం, ఎందుకంటే కాస్త వేడి ఎక్కువైతే అది గోధుమలోకి తిరిగిపోతుంది. అందువల్ల మీ పక్షి ముక్కుమీది ఎరుపు గురించి నాకు కుతూహలంగా ఉంది. అది పూతలో కలిసిపోయి మెరుస్తోందా, లేక పూతమీద విడిగా కూర్చున్నట్టు మందకొడిగా ఉందా? చూసి చెప్పండి.

ఇక ఆకారం. ఇటువంటివాటిని సారెమీద తిప్పలేరు. రొట్టెలాగా వత్తిన మట్టిని అచ్చుల్లో అదిమి, భాగాలను విడివిడిగా తీసి, జావలాంటి మట్టితో అతికిస్తారు. పక్షిగిన్నెలో అసలు నేర్పు ఎక్కడంటే, మూతకూ గిన్నెకూ మధ్య గీత ఎక్కడ రావాలో నిర్ణయించడంలో. నిలువుగా కోస్తే పక్షి రెండు చెక్కలవుతుంది. మెడ దగ్గర కోస్తే లోపలికి చెంచా పోదు. అందుకే గూటి అంచును ఆసరా చేసుకుని, పక్షి పొట్ట గూటికి తగిలే చోటే విడదీశారు. అక్కడ గీత ఉండటం కంటికి సహజం. పొదిగే పక్షిని, పడుకున్న మేకను, బోర్లా ఉన్న చేపను ఎంచుకున్నారంటే నా ఉద్దేశంలో కారణం ఇదే: వీటి శరీరాలకు అడ్డంగా ఒక గీత సహజంగానే ఉంది, నేలమీద ఆనుకునే అడుగు వెడల్పుగా ఉంది. సన్నని కాళ్లమీద నిలబడే జంతువు మెత్తని మట్టిలో, ఆవంలో కుంగిపోతుంది. డెల్ఫ్ట్ ఆవులు నిలబడినప్పుడు కూడా కాళ్లకింద మందమైన పీట, పొట్టకింద ఊత ఉంటాయి, గమనించండి.

ఇంకొక మాట. చేతితో అదిమి, రెండుసార్లు కాల్చిన మట్టి ప్రతిసారీ ఒకేలా వంగదు కాబట్టి ఒక గిన్నె మూత ఇంకొక గిన్నెకు సరిగా కూర్చోదు. జోడు తప్పిపోకుండా మూత లోపల, గిన్నె అడుగున ఒకే అంకె వేయడం ఉండేది. మీ దాంట్లో ఉందేమో చూడండి.

జవాబు – సందేహి

పై ఇద్దరూ చెప్పినవి విలువైన విషయాలే గానీ, ఇది డెల్ఫ్టే అన్న నిర్ణయానికి అప్పుడే రాకూడదని నా మనవి.

జంతురూప మూతగిన్నెలు డెల్ఫ్ట్ సొంత ఆలోచన కావు. జర్మనీలో సాక్సొనీ ప్రాంతపు మైసెన్‌లో 1710లో పింగాణీ కర్మాగారం మొదలైంది. 1731లో అక్కడ చేరిన శిల్పి యోహాన్ యోఆఖిమ్ కెండ్లర్ పక్షులను, జంతువులను పింగాణీలో మలచడాన్ని ఒక కళగా నిలబెట్టాడు. స్ట్రాస్‌బర్గ్‌లో పాల్ హానాంగ్ కార్ఖానా అడవిపంది తలలు, టర్కీ కోళ్ల రూపంలో పెద్దపెద్ద మూతగిన్నెలు చేసింది. లండన్‌లోని చెల్సీలో సుమారు 1755 నాటికి పిల్లలతో కూర్చున్న కోడిపెట్ట మూతగిన్నె వచ్చింది. డెల్ఫ్ట్‌కు పక్కనే బ్రస్సెల్స్‌లో మాంబార్స్ కుటుంబపు కార్ఖానా కోళ్లు, బాతులు, చేపలు, క్యాబేజీలు చేసింది. ఆ మట్టీ, ఆ తగరపు పూతా చూడడానికి డెల్ఫ్ట్‌కు దగ్గరగానే ఉంటాయి. లేతపసుపు మట్టి, తగరపు పూత ఉన్నాయి కాబట్టి డెల్ఫ్టే అని తేల్చడం కుదరదు.

గుర్తు సంగతి ఇంకా బలహీనం. 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో పాత డెల్ఫ్ట్‌మీద మోజు పెరిగినప్పుడు గుర్తులతో సహా నకళ్లు పుట్టుకొచ్చాయి. పారిస్‌లోని సామ్సన్ సంస్థ పాత కర్మాగారాల శైలులన్నింటినీ అనుకరించినదిగా పేరు పొందింది. నీలంతో గొడ్డలి గీయడానికి ఎవరికైనా కొన్ని క్షణాలు చాలు.

జవాబు – మ్యూజియంమెట్లు

సందేహి గారి హెచ్చరిక సమంజసమే. బ్రస్సెల్స్ సంగతి గుర్తుచేసినందుకు కృతజ్ఞతలు. అయితే ఆలోచన మైసెన్‌ది అయినంత మాత్రాన డెల్ఫ్ట్ పక్షి మైసెన్ పక్షికి చవక నకలు అయిపోతుందన్న ధ్వనిని మాత్రం అంగీకరించలేను.

డెల్ఫ్ట్ మొదటి నుంచీ ఎక్కడో పుట్టినదాన్ని తీసుకుని తనదిగా చేసుకున్న ఊరే. తగరపు పూత విద్య ఇటలీ నుంచి, నేటి బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ మీదుగా వచ్చింది. 1585లో ఆంట్‌వెర్ప్ స్పెయిన్ సేనల వశమైన తరువాత అక్కడి పనివారిలో చాలామంది ఉత్తరానికి వెళ్లారు. పోర్చుగీసు ఓడల నుంచి పట్టుకున్న చైనా పింగాణీని 1602లో మిడెల్‌బర్గ్‌లోను, 1604లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను వేలం వేశాక ఆ నీలం–తెలుపు రుచి అందరికీ అంటుకుంది. 17వ శతాబ్దం మధ్యలో చైనాలో మింగ్ వంశం కూలి సరుకు రావడం తగ్గిపోయినప్పుడు, డెల్ఫ్ట్ ఆ ఖాళీలోకి దూకింది. మూతబడుతున్న బీరు బట్టీల భవనాలు మట్టిపనివారికి దక్కాయి. 1700 ప్రాంతంలో ఆ చిన్న ఊళ్లో 30కి పైగా కార్ఖానాలు ఉండేవి.

జంతువుల గిన్నెలు వచ్చింది ఈ ఉచ్చస్థితి దాటిన తరువాత. ఒకవైపు మైసెన్ లాంటి చోట్ల నిజమైన పింగాణీ, మరోవైపు 1760ల నుంచి ఇంగ్లండ్ నుంచి వచ్చిన పలుచని, గట్టి, చవకైన మీగడరంగు పాత్రలు. పళ్లేల పోటీలో డెల్ఫ్ట్ నిలవలేకపోయింది. మట్టి మందం, అంచులు పెళుసు, పూత మెత్తన. కానీ అవే లక్షణాలు జంతువుల దగ్గర పనికొచ్చాయి. మైసెన్ శిల్పి ప్రతి ఈకను అచ్చులోనే చెక్కుతాడు. డెల్ఫ్ట్‌లో చిక్కని తెల్లపూత ఆ చెక్కుళ్లన్నింటినీ కప్పేస్తుంది కాబట్టి, ఆకారాన్ని గుండ్రంగా, ముద్దగా వదిలి, ఈకల పనంతా కుంచెకే అప్పగించారు. ఫలితంగా పక్షి శాస్త్రగ్రంథంలోని బొమ్మలా కాకుండా, కాస్త హాస్యంగా, చేత్తో గీసిన కార్టూన్ పక్షిలా ఉంటుంది. నాకైతే కెండ్లర్ పక్షుల పరిపూర్ణత కన్నా ఇదే ఇష్టం. ఇది వాదన కాదు, అభిరుచి.

గొడ్డలి గుర్తు ద పోర్సెలైన్ బేల్ అనే డెల్ఫ్ట్ కార్ఖానాది. అది 17వ శతాబ్దంలో మొదలై, 18వ శతాబ్దంలో బ్రౌవర్ కుటుంబం యాజమాన్యంలో నడిచింది. 1764లో డెల్ఫ్ట్ కార్ఖానాలు తమ గుర్తులను అధికారికంగా నమోదు చేయవలసి వచ్చింది. కాబట్టి గుర్తు కాలానికి సరిపోతుంది. అయితే సరిపోవడం వేరు, రుజువు కావడం వేరు.

పాతపెట్టె

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఆవంసెగ గారు అడిగినవి పగటి వెలుతురులో భూతద్దంతో చూశాను. మూత లోపల, గిన్నె అడుగున ఒకే అంకె ఉంది, రెండూ ఒకే నీలంతో, ఒకే చేతితో రాసినట్టున్నాయి. మూత ఒక దిక్కుగా పెడితేనే కదలకుండా కూర్చుంటుంది. తిప్పి పెడితే ఊగుతోంది. రెక్కల గీతలు పూతలోకి కొద్దిగా పాకినట్టు మెత్తని అంచులతో ఉన్నాయి. ఎరుపు మాత్రం మెరుపు లేకుండా, పూతమీద విడిగా పొరలా ఉంది, ఒక చోట అరిగిపోయి కింద తెలుపు కనిపిస్తోంది. ఎవరైనా తరువాత వేశారంటారా?

జవాబు – ఆవంసెగ

ఆ ఎరుపును చూసి కంగారుపడకండి. నేను ఊహించింది కూడా అదే. పెద్ద ఆవంలో ఎరుపు నిలవదు కాబట్టి దానికి రెండు దారులు ఉండేవి. ఒకటి, పూత కాలిన తరువాత ఎరుపును, బంగారాన్ని పైన వేసి, సుమారు 600–700 డిగ్రీల తక్కువ వేడిలో చిన్న ఆవంలో మళ్లీ కాల్చడం. ఇది ఖర్చుతో కూడిన పని. రెండోది, కాల్చనే కాల్చకుండా నూనెరంగును పైన పూసి వదిలేయడం. చిన్న మచ్చకోసం మరో కాల్పు ఎందుకనుకున్నప్పుడు రెండో దారి పట్టేవారు. మీ దానిమీద ఉన్నది అటువంటి కాల్చని రంగు కావచ్చు, లేదా తరువాతి కాలంలో ఎవరో మరమ్మతులో వేసినది కావచ్చు. అతినీలలోహిత దీపం కింద చీకట్లో చూడండి: కొత్త రంగు, జిగురు, మరమ్మతు పూత ఉన్న చోట్లు చుట్టూ ఉన్న పాత పూతకన్నా వేరే రకంగా వెలుగుతాయి. ముక్కు, తోక, మూత అంచు ముందుగా చూడవలసిన చోట్లు, ఎందుకంటే విరిగేవి అవే.

ఏదైనా సరే, ఆ ఎరుపుకు నీళ్లు తగలనివ్వకండి. దుమ్మును పొడి మెత్తని కుంచెతో తీయండి. నీళ్లలో నానబెడితే రంగు ఒక్కటే కాదు, పెచ్చులు లేచిన చోట్ల నుంచి తేమ మట్టిలోకి దిగుతుంది. ఈ మట్టి స్పాంజిలా నీటిని పీలుస్తుంది, ఆరేటప్పుడు పాత మురికి పూతకిందికి చేరి మచ్చలు కడుతుంది.

వెన్న విషయంలో నా జవాబు: పెట్టకండి. పూతలో సీసం ఉంది. 18వ శతాబ్దంలో సీసం కరిగే మోతాదును ఎవరూ కొలవలేదు. పైగా వెన్న కొవ్వు పెచ్చుల దగ్గర మట్టిలోకి ఇంకితే అక్కడ నల్లబడుతుంది, తరువాత తీయడం దాదాపు అసాధ్యం. బల్లమీద పెట్టాలన్న కోరిక ఉంటే మూతతో సహా ఖాళీగా పెట్టండి, వెన్న పక్కన వేరే గిన్నెలో ఉంచండి.

జవాబు – సందేహి

అంకెలు, మూత కూర్చునే తీరు, పూతలోకి పాకిన గీతలు విన్నాక నా అనుమానం కొంత తగ్గింది. మూత ఒక దిక్కుగానే కూర్చోవడం మంచి లక్షణం. బ్రస్సెల్స్ అవకాశాన్ని మాత్రం ఇంకా కొట్టివేయను.

మీరు నెదర్లాండ్స్‌లోనే ఉంటే గిన్నె ఫొటోలు తీసుకుని రెండు చోట్లకు వెళ్లండి: ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, హేగ్‌లోని కున్స్ట్‌మ్యూజియం. రెండింటిలోనూ డెల్ఫ్ట్ పాత్రల పెద్ద సేకరణలు ఉన్నాయి. రైక్స్‌మ్యూజియం తన వస్తువుల ఫొటోలను ఇంటర్నెట్‌లో కూడా ఉంచింది కాబట్టి, వెళ్లేముందే పక్షి గిన్నెలను చూసి మీ దాంతో పోల్చుకోవచ్చు. పోల్చేటప్పుడు పక్షిని కాకుండా గూటి అల్లికను చూడండి. రంగులు వేసే చిత్రకారుడు మారతాడు, పక్షి ముఖం మారుతుంది. అల్లిక మాత్రం అచ్చులోంచి వస్తుంది కాబట్టి ఒకే అచ్చు నుంచి వచ్చిన గిన్నెల్లో పాయల లెక్క, అవి ఒకదానినొకటి దాటే తీరు ఒకేలా ఉంటాయి. డెల్ఫ్ట్‌దని నిర్ధారించిన గిన్నె అల్లిక మీ దాంతో కలిస్తే, గొడ్డలి గుర్తు లేకపోయినా నేను ఒప్పుకుంటాను.